చూపు లేనివాళ్లు వేటాడొచ్చా? లేజర్, పక్కమనిషి, మన చట్టం: మీరేమంటరు?

దేవరకొండ తమ్ముడు (దేవరకొండ)

అందరికి నమస్తే. సూటిగా అడుగుతున్న. చూపు లేనివాళ్లు, చూపు బాగా తగ్గినవాళ్లు పరికరాల సాయంతో వేటకు పోవుడు సరైనదేనా?

మన దగ్గర వేట నిషేధమని ఎరుకే. ఈ ముచ్చట అమెరికాది. టెక్సస్ రాష్ట్రంలో 2007లో ఒక చట్టం చేసిన్రు. చట్టప్రకారం అంధుడని తేలిన మనిషి తుపాకీకి లేజర్ బిగించుకొని వేటాడొచ్చు. వేట జంతువు మీద వెలుతురు వేసే పరికరాలు అక్కడ మామూలు వేటగాళ్లకు నిషేధం, వీళ్లకు మాత్రం ఆ సడలింపు ఇచ్చిన్రు. షరతు ఏందంటే, పక్కన చూపున్న మనిషి ఒకరు ఉండాలె. ఆ మనిషికి వేట లైసెన్స్ ఉండాలె, కనీసం 13 ఏండ్లు నిండాలె. లేజర్ చుక్క జంతువు మీద ఎక్కడ పడ్డదో ఆయన చూసి "జర ఎడమకు, ఇంకొంచెం కిందికి, ఆపు" అని చెవుల చెప్తడు. తుపాకీ పట్టేది, మీట నొక్కేది చూపు లేనాయన.

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా ఉంది. మేనరికాలు ఎక్కువున్న మన దిక్కు ఈ జబ్బు కొత్త కాదు. చిన్నప్పుడు రేచీకటి అన్నరు, తర్వాత చుట్టుపక్కల చూపు పోయింది, ఇప్పుడు నడిమిట్ల చిన్న గుండ్రం అంత కనపడుతది. ఈ టెక్సస్ ముచ్చట చెప్తే దోస్తులు, ఇంటోళ్లు అందరు ఒక్కటే మాట: "గసొంటివి మనకెందుకు?" వేట మంచిదా చెడ్డదా అని ఒక్కరు ఆలోచించలే. నాకు చేతకాదనే దగ్గరే ఆగిపోయిన్రు. నాకు బాధ అక్కడ. ఇక్కడ ఉన్నోళ్లన్న సంగతి మొత్తం చూసి మాట్లాడుతరని రాస్తున్న.

నల్లమల బాట (అమ్రాబాద్)

తమ్మీ, నీ బాధ అర్థమైంది. కానీ నేను వద్దనే అంట. నీకు చూపు తక్కువని కాదు. ఏ మనిషికైనా సరదాకు ఒక జంతువును చంపే హక్కు లేదని నా నమ్మకం.

అమ్రాబాద్ పులుల అభయారణ్యం దగ్గరదగ్గర 2,611 చదరపు కిలోమీటర్లు. నాగర్‌కర్నూల్, నల్లగొండ రెండు జిల్లాల అడవి అందులో ఉంది. ఉచ్చులో పడ్డ జంతువు ఎట్ల చస్తదో చూసినవాడికి వేట ముచ్చట వింటేనే కడుపు తిప్పుతది. పంది కోసం పెట్టిన తీగ పందినే పట్టదు. దుప్పి పడుతది, చిరుత పడుతది, ఆవు పడుతది. ఇప్పుడు దానికి లేజర్, ఒంటి వేడిని పట్టి చూపే థర్మల్ కెమెరా, ఫోన్ తెర కూడా తోడైతే జంతువుకు ఇంక దాక్కునే జాగ ఏది?

పరికరాలు రావాలె. బస్సు నంబరు చదివేది రావాలె, మందు సీసా మీద రాసింది చదివేది రావాలె. చంపే పనికి మాత్రం వద్దు.

డాలస్‌లో నల్లగొండ (సొంతూరు నకిరేకల్)

బాట అన్నా, మీ మాట మీద గౌరవంతోనే ఇక్కడి సంగతి చెప్తాను. టెక్సస్‌లో అడవి పందులు లక్షల్లో ఉన్నాయి. ఇవి ఇక్కడి నేలలో పుట్టిన జాతి కాదు, బయటనుంచి తెచ్చి వదిలిన పందుల సంతతి. పొలాలు దున్నేస్తాయి, వాగులు పాడుచేస్తాయి. అందుకే 2019 నుంచి ప్రైవేటు భూమిలో యజమాని ఒప్పుకుంటే వేట లైసెన్స్ కూడా లేకుండా పందిని కొట్టొచ్చు. ఇక్కడి వేటంతా సరదా లెక్కలోకి రాదు.

ఇక పరికరాలు. లేజర్ ఒక్కటే అనుకోవద్దు. తుపాకీ దుర్బిణీకి ఫోన్ తగిలించే బిగింపు ఒకటి దొరుకుతుంది. దుర్బిణీలో కనిపించే బొమ్మంతా ఫోన్ తెర మీదకు వస్తుంది. పక్కమనిషి భుజం వెనకనుంచి తెర చూస్తూ గురి సరిచేయిస్తాడు. నోటితో చెప్తే జంతువు బెదురుతుందని కొందరు భుజం మీద తట్టి చెప్తారు: ఎడమ భుజం తడితే ఎడమకు, కుడి తడితే కుడికి, గట్టిగా పట్టుకుంటే ఆగమని. తుపాకీని ఊతకర్రల స్టాండ్ మీద పెడతారు కాబట్టి చెయ్యి వణకదు. చుక్క కూడా ఎండపొద్దున సరిగ్గా కనిపించదు, తెల్లవారుజామున, పొద్దుగూకేటప్పుడే పనికొస్తుంది.

నా పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నాడు, చక్కెర జబ్బుతో చూపు పోయింది. చిన్నప్పటినుంచి తండ్రితో వేటకు పోయినవాడు. ఇప్పుడు కొడుకు పక్కన ఉంటాడు. ఎక్కువసార్లు కొట్టకుండానే తిరిగొస్తారు, కొడుకు "వద్దు" అంటే ఆయన మీట మీదనుంచి వేలు తీసేస్తాడు. చూపు పోయిన రోజే ఆయన జీవితంలో ఇది కూడా పోవాలని మనం ఎట్లా అంటాం?

కొల్లాపూర్ అక్క (కొల్లాపూర్)

నాకు చట్టాలు తెలియవు, భయం ఒక్కటే తెలుసు. దశరథుడు అంత గొప్ప విలుకాడు. చీకట్లో సరయూ ఒడ్డున కుండలో నీళ్లు నిండే చప్పుడు విని ఏనుగు అనుకున్నాడు, శబ్దవేధి బాణం వేశాడు. చచ్చింది ఎవరు? కళ్లులేని తల్లిదండ్రుల ఒక్కగానొక్క కొడుకు. చూపు లేకుండా గురిపెట్టొద్దని మన పెద్దలు ఏనాడో చెప్పినట్టే కదా. మా దిక్కు పొలాల్లో రాత్రిళ్లు మనుషులు తిరుగుతనే ఉంటరు, మోటరు పెట్టడానికి పోయేటోళ్లు, గొర్ల కాపరులు. ఒక్క గుండు తప్పితే ఎవరి ఇల్లు ఆరుతది?

తెల్లకర్ర టీచరమ్మ (మహబూబ్‌నగర్)

అక్కా, దశరథుడి కథను మీరు తెచ్చినందుకు సంతోషం, ఎందుకంటే ఆ కథ నాకు చాలా దగ్గరిది. నాకు పుట్టుకతో చూపు లేదు. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు తట్టేది ఒకటే: దశరథుడికి రెండు కళ్లూ ఉన్నాయి. ఆయన తప్పు చూపు లేకపోవడం కాదు. అదేమిటో తేల్చుకోకుండా బాణం వదలడం. పక్కన ఒక మనిషి నిలబడి "ఆగండి, ఎవరో పిల్లవాడు" అని ఉంటే కథే వేరు. టెక్సస్ చట్టం అడుగుతున్నది సరిగ్గా ఆ పక్కమనిషినే. కాబట్టి భద్రత పేరు మీద చూపు లేనివాళ్లను పక్కన పెట్టే ముందు, ఒంటరిగా, చీకట్లో, తాగి తుపాకీ పట్టే చూపున్న మనిషి సంగతి ముందు మాట్లాడాలి.

బాట అన్నతో నాకు వేరే పేచీ లేదు. వేట ఎవరికీ వద్దంటే, సరే, అది ఒక ధర్మం. అందరికీ ఒకటే కొలత. కానీ ఈ చర్చ బయట ఎక్కడ జరిగినా రెండు మాటలు కలిపేస్తారు: "వేట చెడ్డది", "నీకు చేతకాదు". మొదటిదాన్ని నేను ఒప్పుకోవచ్చు. రెండోదాన్ని ఒప్పుకోను. ఈ "చేతకాదు" మాట నేను గ్యాస్ పొయ్యి దగ్గర విన్నాను, రైలెక్కేటప్పుడు విన్నాను, ఉద్యోగంలో చేరేటప్పుడు విన్నాను. అన్నవాళ్లు ఒక్కరూ నేను ఎట్లా చేస్తానో అడిగి చూడలేదు.

అయితే నాకూ ఈ పరికరాల మీద ఒక అనుమానం ఉంది. మేము పరీక్ష రాసేటప్పుడు పక్కన స్క్రైబ్ ఉంటారు. నేను చెప్తాను, ఆమె రాస్తుంది. ఆ జవాబు నాదే, ఎందుకంటే అందులో ఉన్న చదువు నాది. వేటలో తలకిందులు. అది పందా, కుక్కా, మనిషా అని తేల్చేది పక్కమనిషి. దూరం, వెనక ఏముంది, పిల్లలతో ఉన్న తల్లా కాదా, అన్నీ తేల్చేది పక్కమనిషి. చివరకు వేలు మాత్రం నాది. తప్పు జరిగితే ఎవరిది? పుణ్యమైతే ఎవరిది? లేజర్ నా చూపును పెంచడం లేదు, పక్కమనిషి చూపును నా తుపాకీ దాకా తెస్తున్నది, అంతే. దేవరకొండ తమ్ముడూ, నువ్వు దీని గురించి ఏమనుకుంటున్నావు? నాకంటే నీకు కొంత చూపు ఉంది కాబట్టి నీ జవాబు వేరే ఉండొచ్చు.

వేదిక నిర్వాహకులు

పైన ఒక పోస్టు తీసేశాం. వాదన ఎంత గట్టిగానైనా చేయండి, మనిషి లోపాన్ని పట్టుకొని వెక్కిరించే పోస్టు ఇక్కడ ఉండదు.

మిర్యాలగూడ వకీలు (మిర్యాలగూడ)

చట్టం గురించి అస్పష్టత ఉండకూడదని రాస్తున్నాను.

అమెరికాలో "చట్టప్రకారం అంధుడు" అంటే చీకటి తప్ప ఏమీ కనిపించనివాడని అర్థం కాదు. అద్దాలు పెట్టుకున్నాక మంచి కంటిలో చూపు 20/200 (మామూలు కన్ను 200 అడుగుల నుంచి చూసేది 20 అడుగుల నుంచే కనిపించడం) లేదా అంతకంటే తక్కువ ఉన్నా, చూపు మేర, అంటే కన్ను ఒకేసారి చూడగలిగే వెడల్పు, 20 డిగ్రీలు మించకపోయినా ఆ లెక్కలోకి వస్తారు. మన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో అంధత్వానికి హద్దు 3/60 కంటే తక్కువ, లేదా చూపు మేర 10 డిగ్రీల లోపు. వాళ్ల 20/200 అడుగుల లెక్క, మన మీటర్ల కొలతలో అది 6/60. అంటే అక్కడ అంధులుగా నమోదైన చాలామంది ఇక్కడ "అల్పదృష్టి" కింద ఉంటారు. దేవరకొండ తమ్ముడి చూపు మేర ఎంతో డాక్టర్ కొలిచి చెప్పాల్సిందే కానీ, టెక్సస్ కొలతలో వచ్చి మన కొలతలో రాకపోవడం సాధ్యమే. కాబట్టి ఈ చర్చలో ఇద్దరు వేర్వేరు మనుషులున్నారు: చుక్కను తానే కొంత చూడగలిగినవాడు, అసలు చూడలేనివాడు. ఇద్దరికీ ఒకే జవాబు చెల్లదు.

ఇక మన దేశం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 వేటను నిషేధించింది. చంపడమే కాదు, ఉచ్చు పెట్టడం, వల వేయడం, ఎర పెట్టడం, వీటికి ప్రయత్నించడం కూడా వేట కిందికే వస్తుంది. ఎయిర్ గన్‌తో పిట్టలను కొట్టే పిల్లల తల్లిదండ్రులు ఇది గుర్తుపెట్టుకోవాలి. 20 జౌల్స్ లోపు శక్తి, .177 అంగుళాల గొట్టం ఉన్న ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు, కానీ దానితో అడవి పిట్టను కొడితే నేరమే. సెక్షన్ 11 కింద మాత్రం మనుషుల ప్రాణానికి, పంటకు ముప్పుగా మారిన జంతువు విషయంలో అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. తెలంగాణలో 2021లో అడవి పందుల వరకు ఈ అనుమతి ఇచ్చే అధికారం సర్పంచులకు ఇచ్చారు. అది కూడా లైసెన్స్ ఉన్న షూటర్లతోనే. అట్లా చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకోవడానికి లేదు.

చూపు లేనివారికి తుపాకీ లైసెన్స్ వస్తుందా? 1959 ఆయుధ చట్టం సెక్షన్ 14 కింద, ఆయుధం పట్టడానికి తగడని భావిస్తే అధికారి నిరాకరించొచ్చు. వైకల్యం కారణంగా వివక్ష చూపొద్దని 2016 చట్టం సెక్షన్ 3 చెప్తుంది. కానీ న్యాయమైన లక్ష్యం కోసం తగిన మోతాదులో పెట్టే ఆంక్షను అదే సెక్షన్ ఒప్పుకుంటుంది. నా అంచనాలో ప్రజల భద్రత ఆ లక్ష్యం కిందికి వస్తుంది. ఇక్కడ కోర్టుకు పోయి వేట హక్కు తెచ్చుకోవడం జరిగే పని కాదు.

చందంపేట రైతు (చందంపేట)

వకీలు సారూ, సర్పంచ్ కాయితం ఇచ్చినా కొట్టేటోడు ఏడ దొరుకుతడు? ఒక్క రాత్రిల పల్లిచేను మొత్తం తవ్విపోతయి. మక్కచేనుల పడితే కంకులు తిన్నయి కొన్ని, తొక్కినయి కొన్ని. కోపంల కొందరు తీగకు కరెంటు పెడుతుండ్రు. ఆ కరెంటుకు పందుల కంటే ముందు మనుషులు చస్తుండ్రు. నేను పెట్ట, పెట్టనియ్య.

చూపు ముచ్చట తీసిన్రు కాబట్టి చెప్త. మా నాయినకు నీటికాసులతోని రెండు కండ్లు పోయినయి. చూపు ఉన్నన్ని దినాలు మంచె మీద పండుకొని చేను కాసిండు. పోయినంక కూడ మంచె ఇడువలే. నేను పక్కకుంటే "అగో తూర్పు దిక్కు, మూడు నాలుగు ఉన్నయి" అంటడు. నాకు ఏం ఇనపడదు. టార్చి కొడితే నిజంగనే ఉంటయి. కుక్క నడిస్తే ఒక తీరు, బర్రె మేస్తే ఒక తీరు, పంది ముట్టెతోని మట్టి ఎత్తితే ఒక తీరు అంటడు. పల్లికాయ నమిలే చప్పుడు కూడ పడుతడు. డబ్బా కొట్టుడు, అరుసుడు ఆయన పనే.

గాయినకు తుపాకి ఇయ్యాల్నా? వద్దు. నేనే ఇయ్య. గాని ఆయన చెవిని వాడుకునే పరికరం ఏదన్న ఉంటే చెప్పున్రి. ఊర్ల అందరు పులి గాండ్రింపు పెట్టే మైకులు కొంటుండ్రు. కొన్ని దినాలు భయపడ్డయి, తర్వాత ఆ మైకు కిందనే మేస్తున్నయి.

నల్లమల బాట

రైతన్నా, నీ నాయిన లాంటి చెవి చెంచు పెంటల్లో, అంటే వాళ్ల గూడేల్లో, చాలామందికి ఉంది. అప్పాపూర్ దిక్కు పెద్దమనుషులతో అడవిలో నడిస్తే తెలుస్తది. ఎండుటాకు మీద ఉడుము పోయిందా, కోడి పోయిందా అని తల తిప్పకుండ చెప్తరు. తేనె పట్టు ఎక్కడుందో ఈగ పోయే చప్పుడును బట్టి పోల్చుకుంటరు.

దేవరకొండ తమ్ముడికి ఒక సంగతి చెప్పాలె. వేట హక్కు గురించి నిజంగా అడగాల్సిన వాళ్లు ఎవరన్న ఉంటే చెంచులే. విల్లంబులతో తరతరాలుగా బతికిన జాతి. 2006 అటవీ హక్కుల చట్టం వాళ్లకు పోడు భూమి మీద, తేనె మీద, అడవి ఫలసాయం మీద హక్కు ఇచ్చింది. వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. ఆకలికి వేటాడినవాళ్లకే లేని హక్కు, లేజర్ కొనగలిగిన వాళ్లకు ఎందుకు రావాలె అని నేను అడుగుతున్న. టెక్సస్‌లో వాళ్ల పందులు, వాళ్ల చట్టం, దాని జోలికి పోను. ఇక్కడికి ఆ ఆలోచన తేవద్దు.

గురి (వనపర్తి, ప్రస్తుతం హైదరాబాద్)

ఎయిర్ రైఫిల్ నేర్పుతుంటాను కాబట్టి సాంకేతిక విషయం ఒకటి. చూపు లేనివాళ్లు ఎవరి కళ్ల సాయమూ లేకుండా గురి కొట్టే పద్ధతి ఉంది, కానీ అది అడవిలో పనిచేయదు. ఎందుకో చెప్తాను.

10 మీటర్ల దూరంలో గురిపలక మీద గట్టి వెలుతురు వేస్తారు. రైఫిల్ మీద కాంతిని పట్టే సెన్సార్ ఉంటుంది. పలక మీదనుంచి వచ్చే కాంతి ఎంత అన్నదాన్ని బట్టి హెడ్‌ఫోన్లలో స్వరం మారుతుంది. గొట్టం నడిబొట్టుకు దగ్గరవుతున్న కొద్దీ స్వరం పైకి పోతుంది, పక్కకు జరిగితే కిందికి దిగుతుంది. షూటర్ ఆ స్వరాన్ని వెతుక్కుంటూ, ఊపిరి బిగబట్టి, అది అత్యంత పైన నిలిచిన క్షణంలో మీట నొక్కుతాడు. మొదటిసారి కళ్లకు గంతలు కట్టుకొని వింటే అంతా గందరగోళం అనిపిస్తుంది. అలవాటైనవాళ్లు చూపున్నవాళ్లకు దీటుగా కొడతారు. శీతాకాల పారాలింపిక్స్ బయాథ్లాన్‌లో చూపు లేని క్రీడాకారులకు 1992 నుంచి పోటీ ఉంది. మంచు మీద స్కీయింగ్ చేసి వచ్చి, గుండె దడదడలాడుతుండగానే ఈ స్వరం విని గురిపెడతారు. వాళ్ల రైఫిల్‌లో గుండు ఉండదు, కాంతి కిరణమే.

విలువిద్యలో ఇంకా సులువు. నేల మీద పాదాలకు అడ్డుపట్టీ, స్టాండ్ మీద చేతి వెనక భాగానికి తగిలే చిన్న మొన. ఆ స్పర్శే గురి. వెనక కూర్చున్న సహాయకుడు బాణం ఎక్కడ తగిలిందో చెప్తాడు.

ఇవన్నీ ఎందుకు పనిచేస్తాయంటే గురిపలక కదలదు, దాని దూరం, వెలుతురు మనం ముందే ఏర్పాటు చేసుకుంటాం. అడవి పంది తన ఒంటి మీద దీపం పెట్టుకొని రాదు. అందుకే అడవిలో మళ్లీ మనిషి కళ్ల మీదే ఆధారపడాలి. టీచరమ్మ గారు అడిగింది సరైన ప్రశ్న.

దేవరకొండ తమ్ముడు

టీచరమ్మా, నన్ను అడిగిన్రు కాబట్టి నిజాయితీగా చెప్త. మీ మాటతో సగమే ఏకీభవిస్త. పూర్తిగా చూపు లేని మనిషికి మీరు చెప్పింది సరే. నా లాంటోడికి ఫోన్ తెర మీద బొమ్మ పెద్దగ చేస్తే, నలుపు తెలుపు తేడా గట్టిగ పెడితే, అది ఏ జంతువో నేనే చూస్త. థర్మల్ దుర్బిణీలో వేడి ఒళ్లు తెల్లగ వెలుగుతది, వెనక అంతా నల్లగ ఉంటది. మామూలు దుర్బిణీ కంటే అది నాకు ఎక్కువ పనికొస్తది. అప్పుడు నిర్ణయం నాదే, పక్కమనిషి రెండో కన్ను మాత్రమే. వకీలు సార్ ఇద్దరు వేర్వేరు మనుషులు అన్నది నాకు బాగ తగిలింది.

ఇంకొకటి. మన పక్క గుంటూరు జిల్లాలో పుట్టిన అజయ్ కుమార్ రెడ్డి అంధుల క్రికెట్‌లో భారత జట్టుకు కెప్టెన్ అయిండు, అర్జున అవార్డు తీసుకున్నడు. ఆ బంతిలో గలగలలాడే గోళీలు ఉంటయి. ఆ గోళీలు పెట్టకముందు క్రికెట్ కూడ మాకు "చేతకాదు" కిందనే ఉండె. రేపు ఏ పరికరం వస్తదో ఎవరికెరుక? ఈ రోజే తలుపు మూసేసుడు నాకు నచ్చలే.

కొల్లాపూర్ అక్క

తమ్ముడా, బంతి తప్పితే వికెట్ పోతది. గుండు తప్పితే ప్రాణం పోతది. గురి సార్ చెప్పిన రైఫిల్ నేర్చుకో, నేను వచ్చి చప్పట్లు కొడత. అడవిలో మాత్రం నేను ఒప్పుకోను, చూపున్నోళ్లకు కూడ ఒప్పుకోను. టీచరమ్మ అడిగిన ఒకటే కొలత అదే గదా.

డాలస్‌లో నల్లగొండ

ఒక విషయం అక్కకు, బాట అన్నకు. గాయపడి పారిపోయే జంతువు బాధ గురించి మీరు పడే ఆవేదన ఇక్కడ మంచి వేటగాళ్లకూ ఉంటుంది. పక్క వీధి పెద్దాయన జంతువు పూర్తిగా ఆగి, అడ్డంగా నిలబడితే తప్ప కొట్టడు. దూరంగా ఉన్నా, కదులుతున్నా వదిలేస్తాడు. ఆయనకున్న పరిమితే ఆయనను జాగ్రత్తగా ఉంచుతుంది. దెబ్బ తగిలి పోయిన జంతువును వెతకడం మాత్రం ఆయన చేయలేడు, రక్తపు జాడ పట్టుకొని కొడుకే పోవాలి. అది ఈ పద్ధతిలో ఉన్న నిజమైన లోటు, దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా నేను ఆయన పక్షమే. తండ్రీకొడుకులు చీకటితోనే లేచి మాటులో కూర్చునే అవకాశాన్ని నేను తీసేయలేను.

తెల్లకర్ర టీచరమ్మ

తమ్ముడూ, నీకు ఎంత కనిపిస్తుందో నేను తేల్చకూడదు, నువ్వే తేల్చుకోవాలి. అందులో నేను వెనక్కి తగ్గను. కానీ రెటినైటిస్ పిగ్మెంటోసాలో పోయేది పక్కచూపే కదా. తెరలో పందిని నువ్వు స్పష్టంగా చూస్తావు. ఆ తెర అంచు బయట వచ్చే గొర్ల కాపరిని చూసేది ఎవరు? థర్మల్ దుర్బిణీ చూపు మేర కూడా ఇరుకే. నీ జబ్బు, ఆ పరికరం రెండూ ఒకే చోట గుడ్డివవుతాయి. కాబట్టి పక్కమనిషి నీకు రెండో కన్ను కాదు, ఆ చోటికి ఉన్న ఒకే ఒక్క కన్ను. నీ మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు, నువ్వు నీ ఒంటి గురించి నాకంటే ఎక్కువ ఆలోచిస్తావనే అంటున్నాను.

నాకు మంచి పరికరానికి ఒకటే పరీక్ష. ఆపాలా, సాగాలా అన్నది నా చేతిలో ఉంచుతుందా లేదా? ఐఐటీ ఢిల్లీ వాళ్లు చేసిన స్మార్ట్‌కేన్ ఉంది. మామూలు కర్రకు తగిలిస్తే మోకాలి పైన అడ్డొచ్చేవాటిని మూడు మీటర్ల దూరం దాకా ధ్వని తరంగాలతో పసిగట్టి పిడిలో వణుకుగా చెప్తుంది. ఆగేది, తప్పుకునేది నేనే. ఫోన్‌లో స్క్రీన్ రీడర్ అంతే, చదివి వినిపిస్తుంది, పంపేది నేనే. గురి సార్ చెప్పిన స్వరం అంతే. లేజర్ వేట ఈ పరీక్షలో నెగ్గలేదు. అందుకని నిషేధించమనను, టెక్సస్ పెద్దాయన దగ్గర తుపాకీ లాక్కోమనను. నేను మాత్రం తీసుకోను.

గురి సార్, ఆ స్వరం రైఫిల్ మా పాఠశాలలకు తేగలమా? కాంతి కిరణంతో పనిచేసేదైతే పిల్లల దగ్గర గుండు భయం కూడా ఉండదు.

గురి

తేవచ్చు మేడం. కిరణంతో పనిచేసే రకం ముందు తెప్పిద్దాం. హైదరాబాద్‌లో ఒక సెట్ అమర్చాక మీకు, తమ్ముడికి కబురు చేస్తాను. తమ్ముడు గంతలు కట్టుకొని నేర్చుకుంటే మంచిది, మిగిలిన చూపును నమ్ముకుంటే చెవి ఆలస్యంగా పదునెక్కుతుంది.

దేవరకొండ తమ్ముడు

వస్త సార్. వేట మీద నా మాట మాత్రం మార్చుకోలే.

చందంపేట రైతు

అందరు నాయిన ముచ్చట మర్చిపోయిన్రు.

తెల్లకర్ర టీచరమ్మ

మర్చిపోలేదు పెద్దన్నా. మనిషి నడిస్తే దానంతటదే వెలిగే లైట్లు చూశారు కదా, వాటిలో ఉండేది ఒంటి వేడి కదలికను పట్టే సెన్సార్. అదే సెన్సార్‌ను ఇంటి బెల్లుకు కలిపి బ్యాటరీతో నడిపే రకాలు దొరుకుతాయి. చేనుకు నాలుగు మూలలా నాలుగు పెట్టండి. ఒక్కోదానికి ఒక్కో శబ్దం పెట్టించండి: ఒకటి గంట, ఒకటి కోడికూత, ఒకటి విజిల్, ఒకటి డప్పు. మంచె మీద ఉన్న నాయినకు ఏ దిక్కో వెంటనే తెలుస్తుంది. అది పందా, కుక్కా అన్నది తేల్చేది ఆయన చెవి. డబ్బా ఎప్పుడు కొట్టాలో కూడా ఆయనే చూసుకుంటారు. ఆ శబ్దం చేనులో కాకుండా మంచె మీద మాత్రమే మోగాలి, లేకపోతే మైకు లాగే పందులు దానికీ అలవాటు పడతాయి. సెన్సార్ మనిషి ఛాతీ ఎత్తులో వద్దు, మోకాలి ఎత్తులో కట్టండి. ఎండపొద్దున వేడి ఆకులు ఊగితే ఊరికే మోగుతుంది, రాత్రే నడపండి.

నల్లమల బాట

రైతన్నా, దాంతోపాటు పల్లిచేను చుట్టు నాలుగు వరుసలు కుసుమలు వెయ్యి, ముండ్లకు పందులు జంకుతయి. మక్కచేను చుట్టు ఆముదాలు. పోయిన పంటకు అటవీ శాఖ పరిహారం ఉంది. నష్టం అయిన పొద్దుగాలనే ఫొటోలు తీసి, పాసుబుక్కు నకలు పెట్టి దరఖాస్తు ఇయ్యాలె, ఆలస్యం చేస్తే జాడలు చెరిగిపోయినయని తిప్పుతరు. కాయితం రాసుడు నేను చూసుకుంట. మీ మండలం దిక్కు వచ్చినప్పుడు నాయినను కలుస్త.

చందంపేట రైతు

రా అన్నా. రాత్రికి మంచె మీదనే ఉండు. టీచరమ్మా, ఆ బెల్లులు వానకు తడిస్తే ఆగుతయా? ప్లాస్టిక్ డబ్బా బోర్లిస్తే వేడి పట్టుడు ఆగిపోతదా?

తెల్లకర్ర టీచరమ్మ

పూర్తిగా మూస్తే ఆగిపోతుంది, ప్లాస్టిక్ వేడిని సరిగా దాటనివ్వదు. పైన, పక్కల కప్పి ముందు వైపు తెరిచి ఉంచండి, చూరులాగా కొంచెం ముందుకు వంచండి.